కాకి ముట్టుకున్న వాళ్ళు

ఆదివారం పొద్దున సున్నిపిండిలో మీగడ కలిపే పని రుక్మిణి ఇంకెవరికీ వదలదు. పెసలూ శనగలూ దోరగా వేయించి, ఎండిన నారింజ తొక్కలూ కచ్చూరాలూ చేర్చి దంచి జల్లించిన పిండి అది. లీలకి నువ్వుల నూనె పట్టించి, స్నానాలగదిలో పీట మీద కూచోబెట్టి, మెడ వెనక మొదలుపెట్టి మోచేతుల మీదుగా మోకాళ్ళ దాకా, జిడ్డు పట్టిన పిండి నలకలు నలకలుగా రాలేదాకా రుద్దుతుంది. అయిదో ఏడు నడుస్తున్న ఆ పిల్ల మొదట కితకితలకి నవ్వుతుంది, తర్వాత మంట అంటుంది, ఆ తర్వాత ఏడుపే. “ఓర్చుకో తల్లీ, ఇంకొంచెం. తెల్లగా అవ్వాలా వద్దా? ఇలాగే ఉంటే రేజా పిల్లవనుకుంటారు నిన్ను” అంటుంది రుక్మిణి. జంషెడ్‌పూర్‌లో ఇటుకల తట్టలు మోసే ఆదివాసీ ఆడకూలీలని రేజాలంటారు. ఆ మాట ఆమె ముద్దుగానే అనేది. ముద్దుగా అన్న మాటలే పిల్లలకి మరింత బాగా అంటుకుంటాయని అప్పటికి ఆమెకి తట్టలేదు.

లీలది తండ్రి ముక్కు, తల్లి రంగు. పురిట్లో పిల్లని చేతుల్లోకి తీసుకున్నప్పుడే అత్తగారు ఈ పంపకాలు తేల్చేసింది. “ముక్కు మావోడిదే. రంగు మాత్రం మాది కాదమ్మా, అది బొబ్బిలి నుంచి వచ్చింది” అంది. బొబ్బిలి రుక్మిణి పుట్టిల్లు. అక్కణ్ణించి ఆమెతో పాటు ఒక బి.ఏ. డిగ్రీ కూడా వచ్చింది గాని దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. పెళ్ళైన కొత్తలో భర్త అనంతకృష్ణ, ఉక్కు మిల్లులో తన తోటి ఇంజనీర్లని భోజనానికి పిలిస్తే, వడ్డన మధ్యలో కరెంటు పోయింది. “కంగారుపడకండి, మా ఆవిడ ఇక్కడే ఉంది, నవ్వితే కనిపిస్తుంది” అన్నాడతను. అందరూ నవ్వారు. చీకట్లో పులుసు గిన్నె పట్టుకుని రుక్మిణి కూడా నవ్వింది. ఏం చేస్తుంది మరి? ఆ నవ్వే ఆమెకి ఇన్నేళ్ళూ కాపురం నడిపి పెట్టింది. అతను చెడ్డవాడేం కాదు. ఒడ్డూ పొడుగూ ఉన్న ఉత్తరాది ఫోర్‌మన్ ఒకడు తనని వెనకనుంచి “ఏ కాలా మద్రాసీ” అని పిలిచాడని ఓ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదు. శ్రీకాకుళంలో పచ్చగా మెరిసిపోయిన తన రంగు ఇక్కడికొచ్చేసరికి నలుపు కింద జమ అయిపోయిందని అతని బాధ. పాపం అనుకుని రుక్మిణి మజ్జిగలో ఇంకాస్త ఉప్పు వేసి ఇచ్చింది. కరెంటు పోయిన రోజున ఆ మాట తనకి ఎలా తగిలిందో అతనికి చెప్పడానికి అదే మంచి సమయమని తట్టింది గాని, అలసిపోయి ఉన్నాడని ఊరుకుంది. మగవాళ్ళ అలసటకి దారివ్వడం ఆడవాళ్ళకి ఎవరో చెప్పి నేర్పక్కర్లేదు.

ఆమెకీ ఒక అవమానం ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. సిద్ధగోరా సంతలో కూరగాయలు అమ్మే ఆదివాసీ ముసలామె ఒకసారి ఆమెని చూసి, మొహం విప్పార్చుకుని, తమ భాషలో ఏదో పలకరించింది. చుట్టం కనిపించినంత ఆనందం ఆ ముసలి కళ్ళలో. రుక్మిణికి మాత్రం వీధి మధ్యలో ఎవరో పైట లాగినట్టయింది. “నేను మీ దాన్ని కాను, తెలుగువాళ్ళం” అని హిందీలో కసిరి వచ్చేసింది. అప్పట్నించి జడలో పువ్వులూ ముక్కుకి బేసరీ లేకుండా గడప దాటలేదు. తనెవరో దూరం నుంచే తెలియాలి. ముఖ్యంగా తనెవరు కాదో తెలియాలి.

వాళ్ళింట్లో అంట్లు తోమే ఫూల్మణి కూడా ఆదివాసీయే. భుయాడీ అనే పేట దాటి, సువర్ణరేఖ ఒడ్డున బస్తీ నుంచి వస్తుంది. సన్నగా, నిటారుగా ఉంటుంది, మాట తక్కువ. ఇంట్లో చూసేవాళ్ళు లేక లీల ఈడుదైన కూతురు సోంబారిని వెంటబెట్టుకు వస్తుంది. కంపెనీ క్వార్టరుకి వెనక ఒక వరండా, దాని ముందు పెరడు, పెరట్లో కుళాయి. తల్లీకూతుళ్ళ సరిహద్దు ఆ వరండా గడప. “ఆడుకుంటే బయట ఆడుకో, దాన్ని లోపలికి తీసుకురాకు” అని లీలకి రోజూ చెప్పేది అత్తగారు కాదు, రుక్మిణే.

అదే వరండాలో నెలకి మూడు రోజులు రుక్మిణి కూడా ఉంటుంది. ఉప్పూ పప్పూ చింతపండుతో పాటు అత్తగారు ఆ పద్ధతిని కూడా రైల్లో టాటానగర్ దాకా మోసుకొచ్చింది. ఒక చాప, ఒక దుప్పటి, ఒక కంచం, ఒక గ్లాసు. కోడలికి ఆ మూడు రోజులూ విశ్రాంతి అని చుట్టాలకి చెప్తుంది గాని, దుప్పట్లు నానబెట్టి ఉతకడం, పెరడు బాగుచెయ్యడం, పాత చీరలు కలిపి బొంతలు కుట్టడం లాంటి పనులన్నీ ఆ మూడు రోజుల కోసమే కాచుకుని ఉండేవి. లీల దగ్గరికి రాబోతే, “అమ్మని కాకి ముట్టుకుందమ్మా, నువ్వెళ్ళకు” అని మామ్మ చెయ్యి పట్టుకుని ఆపేది. అందరి ఇళ్ళలోనూ పిల్లలకి అదే చెప్తారు. రుక్మిణికి వాళ్ళమ్మ చెప్పింది, ఆమె లీలకి చెప్పింది. నాలుగో రోజు తెల్లవారుతూనే నలుగు పెట్టుకుని, తలంటు పోసుకుని, మొహానికి పసుపు రాసుకుని లోపలికి వస్తే అప్పుడు పిల్ల పరుగున వచ్చి కావిలించుకునేది.

వరండా గూట్లో రెండు గ్లాసులుండేవి. ఒకటి ఫూల్మణిది, ఇంకోటి ఆ మూడు రోజుల రుక్మిణిది. ఆ గూటికి చెయ్యి పెట్టిన ప్రతిసారీ రుక్మిణి తన గ్లాసుని కాస్త ఇవతలికి, ఫూల్మణి గ్లాసుకి తగలకుండా జరిపి పెట్టేది. ఇద్దరూ బయటివాళ్ళే అయినా ఒకటి కాదని గూటికి కూడా తెలియాలన్నట్టు.

పండగలేమీ లేని ఒక మామూలు మధ్యాహ్నం. మర్నాడు అనంతకృష్ణ స్నేహితులొస్తారని రుక్మిణి పొయ్యి దగ్గర జంతికలు వత్తుతోంది. పెరట్లోంచి ఏడుపు వినిపించింది. లీల ఏడుపు కాదు గనక మొదట పట్టించుకోలేదు. ఒక వాయి తీసి ఇంకో వాయి వేసింది కూడా. తర్వాత ఫూల్మణి చేతిలోంచి గిన్నె జారిపడ్డ చప్పుడైంది. అప్పుడు లేచి వెళ్ళింది.

కుళాయి దగ్గర లీల పీట వేసుకుని కూచుంది. ముందు సోంబారి. పక్కన సున్నిపిండి డబ్బా, లీల చేతిలో కొబ్బరి పీచు. సోంబారి ఎడం చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా గీరుకుపోయి, రెండు మూడు చోట్ల రక్తం చిమ్మింది. చెంప మీద పిండి అట్టకట్టి, దాని మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. అయినా ఆ పిల్ల పారిపోలేదు. ఏడుస్తూనే చెయ్యి చాపి ఉంచింది. రుక్మిణి చూడలేకపోయింది అది.

“ఏంటే ఇది? ఏం చేశావు?” అని లీల రెక్క పట్టుకుని లేపింది.

లీలకి తప్పు చేశానన్న బెదురే లేదు. “దీన్ని కూడా కాకి ముట్టుకుంది కదమ్మా. చాలా ముట్టుకుంది. వాళ్ళమ్మకి తెలీదు పాపం, నలుగు పెట్టదు. నేను పెట్టేస్తే మామ్మ లోపలికి రానిస్తుంది. నిన్ను రానిస్తుంది కదా, అలాగ” అంది. మళ్ళీ సోంబారి వైపు తిరిగి, ఓదారుస్తున్నట్టు, “థోడా ఔర్, బస్” అంది. ఇంకొంచెమే, ఓర్చుకో. రుక్మిణి ఆదివారాల్లో అనే మాటే, గొంతుతో సహా.

ఫూల్మణి కూతుర్ని కుళాయి కిందికి లాక్కుని పిండంతా కడిగింది. చంకనేసుకుంది. వెళ్ళబోతూ ఆగి, “దీనికేమైందని రుద్దింది దీదీ?” అని హిందీలో అడిగింది. కోపంగా కూడా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. లోపల నూనెలో జంతికలు మాడిన వాసన వస్తోంది.

“ఏటయిందేటి?” అంటూ అత్తగారు వచ్చి, సంగతి విని నవ్వేసింది. “ఓసోస్, దీనికా ఇంత! మంచి పనే సేసింది నా మనవరాలు. ఆ జంగిలీ పిల్ల ఒంటికి ఒక్కసారైనా పిండి తగిలింది.” సాయంత్రం అనంతకృష్ణ టీ తాగుతూ విన్నాడు. “పిల్లలాటకి ఇంత మీటింగా రుక్కూ? బోరోలిన్ రాయించు, తగ్గిపోతుంది. అయినా ఆ పిల్లని పెరట్లోకి అసలెందుకు రానిస్తావు? నీ సూపర్విజన్ అలా ఉంది” అన్నాడు. అతని లెక్కన ఇంట్లో ఏం జరిగినా అది ఆమె డ్యూటీలో జరిగినట్టే. ఈసారి మాత్రం ఆ మాటలో నిజముందని రుక్మిణికి అనిపించింది, అతననుకున్న నిజం కాకపోయినా.

మర్నాడు ఫూల్మణి రాలేదు. ఆ పైనా రాలేదు. “పోతే పోనీ, టాటానగర్ నిండా పనిమనుషులే” అంది అత్తగారు. అంట్లు రుక్మిణి మీద పడ్డాయి. అవి తోముతూ ఆమె వెనక్కి వెనక్కి వెళ్ళి వెతుక్కుంది. పిల్లకి ఇది ఎవరు నేర్పారు? అత్తగారి మీదికి తోసెయ్యడం తేలిక, మొగుడి మీదికి తోసెయ్యడం ఇంకా తేలిక. కాని సోంబారిని గడప దగ్గర ఆపిన గొంతు తనది. తెల్లబడితేనే మంచిదని ప్రతి ఆదివారం పిల్ల చర్మం మీద రాసింది తన చెయ్యి. తనని ఎన్ని మాటలన్నారో అవన్నీ మింగి, మింగినవి మింగినట్టు ఉంచుకోకుండా, తనకంటే కింద ఇంకొకరుంటే కాస్త ఊపిరాడుతుందని ఫూల్మణి వైపు తోసింది. అలా తోస్తూ చంకలో పిల్ల ఉందని మర్చిపోయింది. పిల్ల అన్నీ చూసింది. ఎవరు లోపల, ఎవరు బయట, ఎవరి రంగేమిటి, ఏం చేస్తే లోపలికి రానిస్తారు, అన్నీ గమనించి తనకి తోచిన సిద్ధాంతం తను చేసుకుంది. అందులో తప్పు పట్టడానికి ఏముంది? పెద్దవాళ్ళు నడుపుతున్నది ఆ సిద్ధాంతమే కదా.

నాలుగైదు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం లీల పక్కలో పడుకుని తల్లి చేతి మీద వేలితో గీతలు గీస్తోంది. కాసేపు గీసి, తలుపు వైపు ఓసారి చూసి, చెవిలో గుసగుసగా అంది. “అమ్మా, కాకి నలుపు నీది కూడా పూర్తిగా పోలేదు. కొంచెం ఉండిపోయింది. మామ్మ చూసుకోలేదు. నేను చెప్పన్లే.”

చాలా కాలంగా రుక్మిణి ఏడవలేదు, ఇప్పుడు కూడా ఏడుపు రాలేదు. భయం వేసింది. తల్లి దొంగతనంగా ఇంట్లో ఉంటోందనీ, ఆ రహస్యం తను కాపాడాలనీ పిల్ల అనుకుంటోంది. ఎంత ప్రేమ! ఆ ప్రేమతోనే కదా సోంబారి చెయ్యి ఒలిచింది. ఈ పిల్ల రేపు తన చెయ్యి కూడా అలాగే ఒలుచుకుంటుంది. లేదా తనలాగే తయారై, సంతలో ఎవరో ముసలామెని కసిరి వస్తుంది. ఈ రెండే దారులు కనిపించాయి ఆమెకి, రెండూ తను వేసినవే.

లేచి, చీర మార్చుకుని, లీలకి చెప్పులు తొడిగింది.

“ఎక్కడికేటి ఈ ఎండలో?” అంది అత్తగారు.

“ఫూల్మణి ఇంటికి.”

“దాన్ని బతిమాలి తెత్తావా? నీకు మతి పోయిందేటి?”

“బతిమాలడానికి కాదు అత్తయ్యా” అని బయటికి నడిచింది.

బస్తీలో మట్టి గోడలు, అద్దంలా అలికి ఉన్నాయి. కింద నల్లటి పట్టీ, పైన ఎర్రమట్టి. దూరంగా ఫ్యాక్టరీ గొట్టాల పొగ. చేతిపంపు దగ్గర సోంబారి ఒక్కతే కూచుని ఉంది. దగ్గరికి వెళ్ళాక గాని అది ఏం చేస్తోందో రుక్మిణికి అర్థం కాలేదు. పొయ్యిలోని బూడిద తెచ్చుకుని, గడ్డి చుట్టతో, గిన్నె తోమినట్టు తన కుడి చెయ్యి తోముకుంటోంది. ఎడం చేతి పుండ్లు ఇంకా మానలేదు.

గుమ్మంలో నిలబడ్డ ఫూల్మణి, “చూశారుగా” అంది. “గడ్డి లాగేస్తే ఆకులు తెచ్చుకుంటోంది. కొట్టాను కూడా. నేను చెప్తే వినడం లేదు. మీ ఇంటిదే పెద్ద మాట దానికి. మీరే చెప్పండి.”

రుక్మిణి ఆ మట్టిలోనే కింద కూచుంది. సోంబారి చేతిలోంచి గడ్డి తీసుకుని పక్కన పెట్టింది. ఆ చిన్న చేతి పక్కన తన చెయ్యి పెట్టింది. రెండిటికీ పెద్ద తేడా లేదు. ఇన్నేళ్ళుగా ఏ తేడా కోసం పువ్వులూ బేసరీ పెట్టుకు తిరిగిందో అది వెతికినా కనపడలేదు. “ఇది మురికి కాదమ్మా, చర్మం” అంది హిందీలో, తడుముకుంటూ. “నన్నూ మా అమ్మ రుద్దింది. పోలేదు. పోదు. పోనక్కర్లేదు.” లీల వైపు తిరిగింది. “కాకి ఎవరినీ ముట్టుకోలేదు లీలా. దాన్నీ ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోలేదు. మేం చెప్పింది అబద్ధం.”

లీల ఆలోచించింది. “మరి నువ్వు బయటెందుకు పడుకుంటావు?”

“మామ్మ పడుకోమంటుంది.”

“నువ్వెందుకు వింటావు?”

ఫూల్మణి కూడా జవాబు కోసం చూస్తున్నట్టే ఉంది. రుక్మిణికి సిగ్గనిపించింది. సోంబారి మాత్రం తన చెయ్యినీ ఆమె చెయ్యినీ మార్చి మార్చి చూసుకుని, వేలితో ఆమె మణికట్టు మీద ఒకసారి రుద్ది, వేలు చూసుకుంది. వేలికేం అంటలేదు.

లేస్తూ, “పనిలోకి వస్తావా ఫూల్మణీ?” అని అడిగింది రుక్మిణి.

“వస్తాను, రాకేం చేస్తాను. పిల్లని మాత్రం తీసుకురాను. మీ గడప అవతల కూచోబెట్టడం ఇక నాకిష్టం లేదు” అంది ఫూల్మణి. రుక్మిణి లీల చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టింది. దానికి జవాబు చెప్పాల్సిన చోటు ఇది కాదు, తన ఇల్లు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ముందు గుమ్మంలోనే నిలబడి ఉంది, చెయ్యి అడ్డంగా చాపి. “ఆగండక్కడే. ఆ బస్తీ అంతా తిరిగొచ్చారు. వెనకనుంచి వెళ్ళి, తల్లీకూతుళ్ళిద్దరూ తలారా స్నానం సేసి అప్పుడు లోపలికి రండి. కుళాయి దగ్గర బకెట్టు పెట్టాను.”

లీల అప్పటికే తల్లి చెయ్యి వదిలేసి సందులోంచి పెరటి వైపు నడవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పక్కర్లేకుండా, తల దించుకుని. రుక్మిణి గుర్తుపట్టింది. ఆ నడక తనది.

“లీలా, ఇటు రా.”

పిల్ల ఆగింది. రుక్మిణి మెట్లెక్కి, అత్తగారి చెయ్యిని మెల్లగా పక్కకి తప్పించి, దుమ్ము కాళ్ళతో ముందు గదిలోకి అడుగు పెట్టింది.

“ఏటమ్మా ఇది?” అంది అత్తగారు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది ఆవిడ గొంతులో.

“స్నానం పొద్దున్నే చేశాం అత్తయ్యా. మాకేం అంటలేదు. ఇక నేను వెనక వరండాలో పడుకోను కూడా. ఆయనొచ్చాక ఆయనకీ నేనే చెప్తాను.”

“ఈ ఇంటికో పద్ధతుంది. ఎవర్ని రానియ్యాలో ఎవర్ని కూడదో...”

“ఉంటుంది. అది ఇప్పట్నించి నేనూ చెప్తాను. నా ఇల్లు కూడా ఇది.”

అత్తగారు కొడుకు కుర్చీ వైపు చూసింది. అందులో ఎవరూ లేరు. లీల సందు మొదట్లోంచి మెల్లగా మెట్ల దాకా వచ్చింది. మామ్మ మొహం చూసింది, అమ్మ మొహం చూసింది. తల్లి చాపిన చెయ్యి ఇంకా పట్టుకోలేదు.

“మరి సోంబారి ఎటునుంచి రావాలి?” అని అడిగింది.

“ఇటునుంచే” అంది రుక్మిణి.